కందకు లేని దురద

ఏరువాక వెళ్ళిన వారమునకు కురిసిన మంచివాన నేలను తడిపిన మూడవనాడో నాల్గవనాడో, గుడివాడకు కొన్ని మైళ్ళ దూరములో కాలువగట్టు మీదనున్న మా ఇంటి పెరటిలో, ఏదో చచ్చి కుళ్ళుచున్న కంపు బయలుదేరినది. నాయనమ్మ గాదె క్రింద పందికొక్కు చచ్చినదేమోనని కర్రతో గెలికి చూచినది. పశువుల కొట్టములో మూలమూలలు వెదకించినది. తుదకు ముక్కు చూపిన త్రోవనే నడచి, బావి ప్రక్కన పసుపుమళ్ళకు ఆవల, ఆకు లేక, కొమ్మ లేక, భూమిని పగులగొట్టుకొని నేరుగా పైకి లేచిన ఒక పూవు ముందర నిలిచినది. ముడుతలు పడిన అంచుతో ముదురు ఊదారంగు దొప్ప. దాని నడుమ ఎండిన నెత్తురు రంగున మడతలు మడతలుగా ఉబ్బిన ఒక బొడిపె. దానిపై ముసిరిన ఈగలు, నల్లని చిన్న పురుగులు. "కంద పూచిందిరా" అని ఆమె ముక్కుకు చెంగు అడ్డము పెట్టుకొని నవ్వినది. కొద్ది దినములకే ఆ పూవు వాలి, చీకి, మట్టిలో కలిసినది. మరికొన్ని వారములకు, సరిగా ఆ చోటనే, మచ్చలు మచ్చలుగా ఉన్న పచ్చని కాడ యొకటి లేచి, పైన గొడుగు విప్పినట్లు చీలికలాకు విప్పినది. "ఆ కంపుపువ్వే ఈ గొడుగు" అన్నది నాయనమ్మ. "నీకెట్టా తెలుసు?" అని నేనడిగితిని. "తవ్వితే దుంప ఒకటే గదరా" అన్నది.

ఆ సమాధానము ఎంత దూరము పోవునో ఆనాడు నాకు తెలియదు. పిమ్మట వేదాంతపాఠములలో 'సోఽయం దేవదత్తః' అను దృష్టాంతము వచ్చినపుడు, ఆ ఊరిలో ఆ కాలమున చూచిన దేవదత్తుడే ఈ ఊరిలో ఈ కాలమున కనబడు దేవదత్తుడని గురువుగారు వివరించుచుండగా, నాకు దేవదత్తుడు తోచలేదు, మా బావి ప్రక్కనున్న కంద తోచినది. దేవదత్తునకు కనీసము ముఖమైనను అదియే. కందకు జ్యేష్ఠమున ఉన్న రూపములో ఒక్క అవయవమైనను శ్రావణమున లేదే! రూపము పోయి, రంగు పోయి, వాసన పోయి, అయినను 'అదే ఇది' అను బుద్ధి దేనిని ఆధారము చేసికొని నిలుచుచున్నది? ఈ ప్రశ్న వేదాంతులది మాత్రమే అనుకొంటిని. వృక్షశాస్త్రజ్ఞులకును ఇదే నిత్యకృత్యమని చాలకాలమునకు గాని తెలియరాలేదు.

కంద, చేమ చేరిన కుటుంబమును శాస్త్రజ్ఞులు ఆరేసీ అందురు. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్సియూ స్థాపించిన ఈ కుటుంబములో నేడు సుమారు 140 ప్రజాతులు, 3,500కు పైబడిన జాతులు లెక్కకు వచ్చినవి. కంద చేరిన ప్రజాతిలోనే 200కు మించి జాతులున్నవి, ఇంకను క్రొత్తవి చేరుచునేయున్నవి. అయితే ఇందులో ఒక మొక్కను క్రొత్తదని ప్రకటించుట సులువైన పని గాదు. ఒడలెల్ల నీరైన ఈ మొక్కలను కాగితముల నడుమ ఒత్తి ఎండబెట్టినచో కుళ్ళిపోవును, లేదా గుర్తుపట్టరాని తోలుముక్కగా మిగులును. కనుక పూవును స్పిరిట్టులో ఊరవేయుదురు. పూవు ఉన్ననాడు ఆకుండదు, ఆకు ఉన్ననాడు పూవుండదు గనుక, పూవు కోసి తెచ్చినవానికి ఆకు తెలియదు, ఆకు తెచ్చినవానికి పూవు తెలియదు; రెండు ఋతువులలో అదే చోటికి పోయి, దుంపను తెచ్చి కుండీలో పెంచి, 'అదే ఇది' అని తన కన్నులతో చూచినవానికే పూర్తిరూపము తెలియును. ఆపైన దొప్పను చీల్చి, లోపలి కంకిని ముందుంచుకొని, అడుగున స్త్రీపుష్పములు ఎంత మేర, వానిపై పురుషపుష్పములు ఎంత మేర, అన్నిటికి పైనున్న గొడ్డుభాగము ఎంత పొడవు, కీలాగ్రము ఎన్ని పాయలు అని కొలిచి వ్రాయవలెను. 1935 నుండి 2011 ముగియువరకు ఈ వర్ణనను లాటినులో వ్రాయుట నియమము. 2012 జనవరి 1 నుండి ఇంగ్లీషును అంగీకరించినారు. ఇక 1958 నుండి, ఒక్క నమూనాను 'టైపు' అని నిర్దేశింపని పేరు చెల్లదు.

ఇంత శ్రమపడి శాస్త్రజ్ఞుడు 'ఇది నూతనజాతి' అనును. ఏది నూతనము? ఆ మొక్క నిన్న పుట్టినది కాదు. అది దొరికిన కొండపల్లెలోని ముసలమ్మ దానిని ఏటేట తవ్వి, చింతపండుతో ఉడికించి తిన్నదే కావచ్చును. నూతనత్వము ఎరిగినవానియందే గాని ఎరుగబడినదానియందు లేదని ఒప్పుకొనక తప్పదు. దీనిని ఒప్పుకొన్న వెంటనే రెండవ ప్రశ్న తల ఎత్తును: నూతనత్వము మనది అయినపుడు, ఆ 'జాతి' మాత్రము ఎవరిది? అది మొక్కయందున్నదా, మన బుద్ధియందున్నదా?

ఈ వివాదమునకు మన దేశములో వేయేండ్లకు మించిన వయస్సున్నది. నైయాయికుడు జాతి నిజముగా ఉన్నదనును: అది ఒకటే, నిత్యమైనది, అనేక వ్యక్తులయందు ఏకముగా వ్యాపించియున్నది, గోవులన్నియు చచ్చినను గోత్వము చావదు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో బాలురకొరకు రచించిన తర్కసంగ్రహము ఈ మతమును నేర్చుటకు నేటికిని మొదటి మెట్టు. లక్షణము చెప్పుటలో మూడు దోషములున్నవని ఆ సంప్రదాయము హెచ్చరించును. గోవుకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లఆవు తప్పిపోవును, అది అవ్యాప్తి. కొమ్ములు లక్షణమన్నచో గేదె వచ్చి చేరును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమన్నచో ఒక్క ఆవునకును పొసగదు, అది అసంభవము. గంగడోలు అనుము, సరిపోవును. వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాయు జాతివర్ణనకు ఇంతకు మించిన పరీక్ష ఏ దేశమునను లేదని నా నమ్మకము.

మన సామెతలు కూడ ఒక లక్షణమును చెప్పినవి. 'కందకు లేదు, చేమకు లేదు, తోటకూరకెందుకు దురద?' అన్న తెలుగువాడు కందను, చేమను ఒక ప్రక్కన, తోటకూరను వేరొక ప్రక్కన నిలిపినాడు. పూవును విప్పి చూడకయే, నాలుకను, అరచేతులను ప్రమాణముగా గొని, శాస్త్రజ్ఞుడు చేసిన విభాగమునే ముందుగా చేసినాడు. ఆ దురదకు కారణము ఈ మొక్కల కణములలో కట్టలు కట్టలుగా ఉండు కాల్షియం ఆక్సలేటు సూదులు. కాని దురద గంగడోలు వంటిది కాదు. దూలగొండికిని దురదయున్నది, అది చిక్కుడుజాతికి చుట్టము: అతివ్యాప్తి. గోదావరి ఒడ్డున కొవ్వూరు ప్రాంతపు దుంపల నుండి ఎన్నిక చేసిన 'గజేంద్ర' అను కందకు దురదయే లేదు: అవ్యాప్తి. ఇక కొల్లేటిలోను, మా ఊరి చెరువులోను తేలు అంతరతామర యున్నది. పేరునకు తామర, తామరతనము దానియందు ఇసుమంతయు లేదు. ఆకుల నడుమ గోరంత తెల్లని దొప్పలో దాగిన చిన్నకంకిని చూచినచో అది కందకు చుట్టమని తెలియును. తామర అని పిలుచుట అసంభవదోషమే గదా!

ఇచ్చట 10వ శతాబ్దివాడైన ఉదయనాచార్యుల సూక్ష్మదృష్టిని తలచుకొనక ముందుకు పోలేను. కంటికి సామాన్యముగా కనబడిన ప్రతి ధర్మమును జాతి అనరాదని, జాతిని బాధించు హేతువులను ఆరింటిని ఆయన లెక్కించెను. అందు సంకరమొకటి. రెండు ధర్మములు కొన్నిచోట్ల కలిసియుండి, కొన్నిచోట్ల ఒకదానిని విడిచి ఒకటి యుండినచో, ఆ రెండును ఒక్కసారే జాతులు కానేరవు: జాతిలో జాతి ఇమిడిపోవలెను, లేదా పూర్తిగా వేరుగానుండవలెను గాని అడ్డముగా కోసికొని పోరాదు. నీటిమొక్కలన్నిటిని ఒక జాతి యన్నచో అందులో తామరయు, అంతరతామరయు చేరును. కందకుటుంబమన్నచో అంతరతామరయు, కందయు చేరును. అంతరతామర వద్ద ఆ రెండును అడ్డదిడ్డముగా కోసికొనును. కావున కందకుటుంబమును జాతిగా నిలుపుకొన్నచో, నీటిలోనుండుట జాతి కాదు, ఉపాధి మాత్రమే. స్వీడనులో లిన్నేయసు 1753లో జాతులను ప్రజాతులలో, ప్రజాతులను పై వర్గములలో ఇమిడ్చి అచ్చువేసిన పెట్టెలో పెట్టె పద్ధతికి వెనుకనున్న యుక్తి ఇదియే. దానిని సుమారు ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే, ఒక్క మొక్క పేరైనను ఎత్తకుండ, ఒక తార్కికుడు విప్పి చెప్పినాడు. మొక్క పేరు ఎత్తకపోవుటయే మన దురదృష్టమని కూడ ఇక్కడనే అనవలెను. గంగడోలు దగ్గర ఆగిన దృష్టాంతము పెరటిలోనికి పోలేదు.

నైయాయికునకు ప్రతివాదియైన బౌద్ధతార్కికుడు దిఙ్నాగుడు మాకు ఇరుగుపొరుగువాడే. 7వ శతాబ్దిలో ఆంధ్రదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగు, వేంగికి సమీపమున ఒక కొండమీద దిఙ్నాగుడు తర్కగ్రంథమును రచించెనని విని వ్రాసినాడు. వేంగికి, గుడివాడకు నడుమ కొల్లేరు తప్ప వేరు అడ్డులేదు. మా ప్రాంతమున అప్పటికే బౌద్ధము పాతబడియున్నది. గుడివాడ దిబ్బను, దివిసీమ దారిలోని ఘంటసాల స్తూపమును గూర్చి 1894లో అలెగ్జాండర్ రీ ప్రకటించిన గ్రంథమును చూచినవారికి అది తెలియును. దిఙ్నాగుడు జాతి లేదన్నాడు. గోవు అను మాటకు గోత్వమను భావవస్తువు అర్థము కాదు. గోవు కానిది కాదు అనుటయే అర్థము. ఇది అపోహవాదము. వినగానే మాటలగారడివలె తోచును. కాని క్రొత్తజాతిని ప్రకటించు ఏ వ్యాసమునైనను తెరచి, జాతిభేదమును క్లుప్తముగా చెప్పు పేరాను చదువుడు: ఫలానా జాతిని పోలియున్నది గాని, గొడ్డుభాగము పొట్టిగానుండుటచేత అది కాదు, ఫలానా దానికి దగ్గరది గాని, కీలాగ్రము మూడు పాయలుగా చీలుటచేత అదియు కాదు. అది కాదు, ఇది కాదు అని తోసివేయగా మిగిలినదానికి పేరు! మాటలాడునపుడు నైయాయికునివలె జాతి కలదని మాటలాడు శాస్త్రజ్ఞుడు, కలము పట్టినపుడు దిఙ్నాగుని శిష్యుడగును.

అపోహవాదమును మీమాంసకుడైన కుమారిలభట్టు ఒక్క ప్రశ్నతో ఇరుకున పెట్టినాడు: గోవు కానిది ఏదో తెలియుటకు ముందు గోవు తెలియవలదా? వృక్షశాస్త్రము ఈ చక్రమునుండి తప్పించుకొన్న విధము చిత్రమైనది. అది నిర్వచనమును నమ్మలేదు. పేరును ఒక ఎండిన నమూనాకు, అది లేనిచోట ఒక బొమ్మకు, కట్టివేసినది. వర్ణనలో తప్పులున్నను, కొలతలు తారుమారైనను, జాతి సరిహద్దులు రేపు మారినను, ఆ పేరు మాత్రము హెర్బేరియపు బీరువాలోని ఆ ఒక్క కాగితమునకు, దానిపై అంటించిన ఆ ఒక్క ఎండుటాకునకు పలుపుత్రాటితో కట్టినట్లు కట్టబడియుండును. ఆ ఎండుటాకు ఆ జాతిలో ఉత్తమమైనది కానక్కరలేదు, సగటుది కూడ కానక్కరలేదు.

కంద పేరు చరిత్రమే దీనికి సాక్ష్యము. స్కాట్లండునుండి 1776లో మద్రాసునకు వచ్చిన విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు, 1781 మొదలు 1793లో కలకత్తాకు పోవువరకు సామర్లకోటలో నివసించి, మిరియపు తోట వేసి, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, తెలుగుపేర్లు అడిగి వ్రాసికొనుచుండెను. లిన్నేయసు శిష్యుడైన కోనిగు 1785లో కాకినాడ జగన్నాథపురమున ప్రాణము విడిచినపుడు ఆయన ప్రక్కన నున్నవాడు రాక్స్‌బర్గే. 1787 నాటి కోరంగి ఉప్పెనలో తన పుస్తకములు, ఎండబెట్టిన మొక్కలు పోయినను ఆయన మరల మొదటినుండి ప్రారంభించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడిన ఆయన గ్రంథములో మన కందయు ఉన్నది. పూవు దొప్పను చూచి గంటవంటిదని అర్థమిచ్చు పేరు దానికి పెట్టెను. సర్కారుజిల్లాల రైతు తవ్వగా చూచి పెట్టిన ఆ పేరు నిలువలేదు. వైమారుకు చెందిన డెన్‌స్టెట్టు, డచ్చి అధికారి రేడె కొచ్చిలో ఉండి సిద్ధపరచగా 1678 నుండి 1693 వరకు అచ్చయిన మలబారు వృక్షగ్రంథములోని బొమ్మను చూచి, 1818లోనే దానికి వేరొక పేరు పెట్టియుండెను. తొలిపేరుదే అధికారమను నియమమును బట్టి, 1977లో అమెరికా శాస్త్రజ్ఞుడు నికల్సను ఆ పేరునే కందకు స్థిరపరచినాడు. పూవును చూచినవాని పేరు పోయి, బొమ్మను చూచినవాని పేరు నిలిచినది. దివిసీమను ఉప్పెన ముంచినదియు ఆ 1977లోనే. ఆ నవంబరులో మా మండలమున ఎవ్వరికిని కందపేరుతో పని లేకపోయినది.

ప్రజాతికి పెట్టిన గ్రీకుపేరునకు 'వికృతలింగ'మని అర్థము. దొప్ప నడుమ లేచి నిలిచిన ఆ బొడిపెను చూచి లింగము తోచుట వింత గాదు. సామర్లకోట భీమేశ్వరుని చూచిన కన్నులకు పానవట్టమును తోచును. వికృతమను విశేషణము మాత్రము మనవాడు చేర్చియుండడు. అసలు మనవాడు పూవు వంక చూడనేలేదు. దుంపను చూచి 'కంద' అన్నాడు. మొలలను పోగొట్టునని 'అర్శోఘ్న'మన్నాడు. ఆకలియు, రోగమును గలవాని నామకరణమది.

అయితే నైయాయికుడు గెలిచినాడా, దిఙ్నాగుడు గెలిచినాడా? నాకు తోచినది చెప్పుదును. లిన్నేయసు చేమను రెండు జాతులుగా లెక్కించెను. తరువాతివారు వానిని ఒకటే చేసినారు. చెరువునీటిపై పచ్చని పిండి చల్లినట్లు తేలు, ఆవగింజకన్న చిన్నదైన ఒక మొక్కకు రాక్స్‌బర్గు పేరు పెట్టెను. ఇపుడు దానిని ఉల్ఫియా అందురు. దానికి వేరు లేదు, ఆకు అనదగిన ఆకు లేదు, దొప్ప లేదు, కంకి లేదు. కందకుటుంబమునకు చెప్పిన ఏ లక్షణమును దానియందు కనబడదు. అయినను డి.ఎన్.ఏ. పరీక్షించి దానిని కందకుటుంబములోనే చేర్చినారు. ఏ ఆధారముతో? పుట్టుక ఆధారముతో. మన గోత్రమువలెనే! కాశ్యపగోత్రీకునకు ముక్కు ఇట్లుండవలెనని, రంగు ఇట్లుండవలెనని లక్షణమెవ్వరును చెప్పరు. ఎవరి వంశమున పుట్టినాడని అడుగుదురు. అట్లయినపుడు జాతి నైయాయికుడు చెప్పినట్లు నిత్యవస్తువు కాదు, ఒకనాడు మొదలై ఒకనాడు తీరిపోవునది. దిఙ్నాగుని అపోహవలె వట్టి నిషేధమును కాదు. బౌద్ధులే వేరొక సందర్భమున వాడిన మాట దీనికి సరిగా అతుకును: సంతానము. క్షణమువెంట క్షణము పుట్టి గిట్టుచు తెగక సాగు ప్రవాహమునకు వారు ఆ పేరు పెట్టిరి. బిడ్డలకు మనము ఆ పేరు పెట్టితిమి. రెండర్థములును కలిసిన చోట నాకు జాతి కనబడుచున్నది.

నామరూపములన్నియు మిథ్య, మట్టియొకటే సత్యమని చెప్పి ఈ శ్రమనంతయు ఒక్క ఊపున తుడిచివేయు వేదాంతులు కొందరున్నారు. వారిపై నాకు గౌరవమున్నది గాని, ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతునకు మట్టిని గూర్చి చెప్పిన తండ్రి ఆ మట్టితో చేసిన కుండలను పగులగొట్టుమనలేదు. అడవికందకు, పెరటికందకు భేదము మిథ్యయని తలచి అడవికందను వండించుకొన్నవాని గొంతు ఆ పూట వేదాంతము చెప్పజాలదు.

మా ఇంట తాతగారి ఆబ్దికమునకు కంద తప్పనిసరి. ఆ ముందురోజు నాయనమ్మ గునపము నాచేతికిచ్చి, వాడిన గొడుగు కాడ చుట్టును తవ్వించెడిది. దుంప బయటపడగానే చేతులకు నూనె రాచుకొని, కత్తిపీట ముందు కూర్చుండి, మట్టితోలు చెక్కి, ముక్కలు చింతపండునీళ్ళలో వేసెడిది. మరునాడు బచ్చలితో కలిపి ఆవపెట్టి వండెడిది. చేతులు గోకికొనుచు నేను చూచుచుండగా, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఎగతాళి చేసెడిది. కన్నులున్న ముక్కలను విత్తనమునకు వేరుగా తీసి పేడనీళ్ళలో ముంచి నీడను ఆరబెట్టెడిది. ఒక యేడు దుంపను తిరగవేసి మట్టి దులుపుచుండగా, దాని అడుగున నల్లగా, చేతిలో పట్టనంత పల్చగా, ఎండిన నిమ్మతొక్కవలె ముడుచుకొనిపోయిన ఒక పొర అంటుకొనియుండుట చూచితిని. "ఇదేమిటి?" అంటిని. "పోయినేటి దుంపరా. దాన్ని తినే ఇది ఊరింది" అని చెప్పి, ఆమె దానిని గోటితో ఊడదీసి పెంటకుప్పమీదికి విసరివేసినది.